కార్ ఏసీ గాలి సరిగ్గా రావట్లేదా? గ్యాస్ నింపించే ముందు గ్లవ్ బాక్స్ తెరిచి చూడండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్తూ పంతంగి టోల్ దగ్గర ఎప్పటిలాగే ఇరుక్కుపోయాం. ముందు బస్సు, పక్కన లారీ, వెనక ఇంకో బస్సు. ఏసీ ఫ్యాన్ నాలుగులో ఉంది. సౌండ్ బాగానే వస్తోంది, గాలి మాత్రం వెనక సీట్లో ఉన్న అమ్మ దాకా వెళ్ళట్లేదు. పైగా డీజిల్ పొగ వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది, తుమ్ములు ఆగట్లేదు. "గ్యాస్ అయిపోయినట్టుందిరా, మెకానిక్ పోయిన నెలే చెప్పాడు" అన్నారు నాన్న.

ఊరెళ్ళాక గ్లవ్ బాక్స్ విప్పి లోపలున్న ఫిల్టర్ బయటికి లాగాను. తెల్లగా ఉండాల్సింది మట్టి రంగులో ఉంది. మడతల మధ్య ఎండిన వేపాకులు, ఒక వేరుశనగ తొక్క (ఎలుక గారి కానుక), దోమలు. సర్వీస్ బిల్లులో మాత్రం ప్రతిసారీ "ఏసీ ఫిల్టర్ క్లీనింగ్" అని ఒక లైన్ ఉంది. 400 రూపాయలు పెట్టి కొత్తది వేశాక, ఫ్యాన్ రెండులో పెడితే చాలు, ఇదివరకు నాలుగులో వచ్చినంత గాలి వచ్చింది. గ్యాస్ ఒక్క గ్రాము కూడా నింపలేదు.

ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ రెండు శాతం తగ్గితే గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు పెట్టే మనం, రోజుకి గంటన్నర పీల్చే గాలి ఎక్కడి నుంచి వస్తుందో పట్టించుకోం. అందుకే ఈసారి ఫోన్లని కాస్త పక్కన పెట్టి, ఈ టాపిక్ తీసుకున్నాను.

ముందు చిన్న టెస్ట్

ఏసీ బాలేదు అనిపిస్తే రెండు రకాలుగా ఉండొచ్చు. వెంట్ దగ్గర చెయ్యి పెట్టండి. గాలి చల్లగానే ఉంది కానీ తక్కువగా వస్తోందంటే, గాలి దారిలో ఏదో అడ్డుంది. అది ఫిల్టర్ కావచ్చు, బ్లోయర్ కావచ్చు. గాలి బాగా కొడుతోంది కానీ చల్లగా లేదంటే, అప్పుడు గ్యాస్, కంప్రెసర్, కండెన్సర్ వైపు అనుమానపడాలి. మొదటి కేసులో గ్యాస్ నింపించుకుంటే డబ్బులు పోతాయి, సమస్య అక్కడే ఉంటుంది. అసలు ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా వాడితే అయిపోయేది కాదు, అదే గ్యాస్ లోపల తిరుగుతూ ఉంటుంది. ఏడాదికోసారి నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు. ముందు దాన్ని వెతకమని అడగాలి.

ఇంకో సంగతి. ఫిల్టర్ మరీ మూసుకుపోతే లోపలున్న ఎవాపరేటర్ మీదుగా చాలినంత గాలి వెళ్ళదు. దాంతో దాని మీద మంచు పేరుకుని, ఉన్న కొంచెం గాలి కూడా ఆగిపోవచ్చు. "అరగంట బాగానే ఉంటుంది, తర్వాత గాలి తగ్గిపోతుంది" అనే కంప్లైంట్‌కి ఇదీ ఒక కారణం.

గాలి ఏ దారిన వస్తుంది?

చాలామంది బయటి గాలి ముందు గ్రిల్‌లోంచి లోపలికి వస్తుందనుకుంటారు. కాదు. బానెట్ అయిపోయి ముందు అద్దం మొదలయ్యే చోట, వైపర్ల కింద, నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూడండి. దాన్ని కౌల్ అంటారు. మనం కూర్చునే చోటికి బయటి గాలి వచ్చేది అక్కడి నుంచే. కార్ వెళ్తున్నప్పుడు గాలి వచ్చి అద్దం మొదట్లో కొట్టుకుంటుంది కాబట్టి అక్కడ ప్రెషర్ ఎక్కువ. అందుకే ఇన్‌టేక్ అక్కడ పెడతారు, కొంత గాలి దానంతట అదే తోసుకొస్తుంది.

అక్కడి నుంచి బ్లోయర్, ఫిల్టర్, ఎవాపరేటర్, హీటర్ కోర్ దాటి గాలి మన మొహం మీదకి వస్తుంది. మరి వచ్చిన గాలి ఎక్కడికో పోవాలి కదా. వెనక బంపర్ లోపల, బయటికి కనపడకుండా, ఒక వైపుకే తెరుచుకునే రబ్బరు రెక్కలు ఉంటాయి. ఎక్కువైన గాలి వాటిలోంచి బయటికి పోతుంది. అన్ని అద్దాలూ మూసి డోర్ వేసినప్పుడు చెవులు బిగుసుకోకుండా చేసేదీ అవే.

పీసీ బిల్డ్ చేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. క్యాబినెట్‌లో ఇన్‌టేక్ ఫ్యాన్లు ఎక్కువ పెట్టి, వాటికి డస్ట్ ఫిల్టర్ వేస్తే లోపల పాజిటివ్ ప్రెషర్ ఉంటుంది, సందుల్లోంచి దుమ్ము రాదు. ఫ్రెష్ ఎయిర్ మోడ్‌లో కార్ కూడా అంతే. ఫిల్టర్ దాటిన గాలే లోపల నిండుతుంది, డోర్ సందుల్లోంచి గాలి బయటికి పోతుందే గానీ లోపలికి రాదు. రీసర్క్యులేషన్ వేస్తే ఆ ప్రెషర్ ఉండదు. లోపలి గాలే తిరుగుతుంటుంది, బయటిది సందుల్లోంచి కొంచెం కొంచెం దూరుతుంటుంది.

చెట్టు కింద పార్క్ చేసేవాళ్ళు కౌల్ మీద ఓ కన్నేసి ఉంచాలి. వేపాకులు, చింతాకులు ఆ జాలీలోంచి సులువుగా కిందకి దిగిపోతాయి. దాని కింద వాన నీళ్ళు పోవడానికి పక్కల్లో రంధ్రాలు ఉంటాయి. ఆకులు కుళ్ళి అవి మూసుకుపోతే నీళ్ళు నిలుస్తాయి, నిలిచినవి బ్లోయర్ వైపు దిగుతాయి. వానాకాలంలో ముందు సీటు కింద మ్యాట్ తడిసిపోయి, ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియక డోర్ రబ్బర్లు మార్పించేవాళ్ళున్నారు. ముందు ఈ ఆకులు తీయించండి. (ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా మ్యాట్ తడుస్తుంది. వాన లేని రోజు కూడా తడుస్తోందంటే అనుమానించాల్సింది దాన్నే.)

ఆ వంపు బాణం బటన్

కార్ బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్, అదే రీసర్క్యులేషన్. మన ఎండలకి అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. త్వరగా చల్లబడుతుంది, బయటి పొగ రాదు, కాబట్టి ఊళ్ళో ట్రాఫిక్‌లో అది కరెక్టే. చాలా కార్లలో ఫిల్టర్ ఈ రెండు దారులూ కలిసిన తర్వాత ఉంటుంది. అంటే రీసర్క్యులేషన్‌లో కూడా అదే గాలి మళ్ళీ మళ్ళీ ఫిల్టర్ అవుతుంది, లోపలి దుమ్ము నిమిషాల్లో తగ్గిపోతుంది. కొన్ని మోడళ్లలో మాత్రం ఫిల్టర్ బయటి గాలి దారిలోనే ఉంటుంది.

మరి ఎప్పుడూ అలాగే ఉంచేస్తే? ఒక చిన్న లెక్క వేద్దాం. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 0.3 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలుగురుంటే 1.2 లీటర్లు. హ్యాచ్‌బ్యాక్ లోపల గాలి సుమారు 3,000 లీటర్లు. 3,000లో 1.2 అంటే 400 పీపీఎం. ఇది ఒక్క నిమిషానికి! బయటి గాలిలో మొత్తం ఉండేదే 420 పీపీఎం చుట్టుపక్కల. కార్ పూర్తిగా సీల్ అయి ఉంటే పది నిమిషాల్లో 4,000 దాటేస్తుంది. నిజంగా ఏ కారూ అంత సీల్ అయి ఉండదు, సందుల్లోంచి కొంత గాలి మారుతుంది, కాబట్టి ఇంత వేగంగా పెరగదు. కానీ ఆఫీస్ మీటింగ్ రూమ్‌లో 1,000 దాటితేనే గాలి బాలేదంటారు, నిండా జనం ఉన్న కార్ ఆ గీత చాలా తొందరగా దాటుతుంది.

రాత్రి హైవే మీద వెనకాల అందరూ నిద్రపోతుంటే డ్రైవ్ చేసేవాడికి కూడా కళ్ళు మూతపడటం, తల బరువెక్కడం తెలుసు కదా. అన్నిసార్లూ బిర్యానీ తప్పు కాదు. టోల్ దాటి రోడ్డు ఖాళీ అవ్వగానే ఫ్రెష్ ఎయిర్‌కి మార్చండి. నేనైతే 20 నిమిషాలకోసారి ఐదు నిమిషాలు మారుస్తాను. చిరాకే, కానీ అలవాటైపోయింది. నిద్ర నిజంగా వస్తుంటే మాత్రం బటన్లతో పని కాదు, కార్ ఆపాలి.

వానలో ముందు అద్దం లోపలి వైపు మసకబారడానికీ ఇదే కారణం. మన ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేక అద్దానికి పడుతుంది. చేత్తో తుడవడం మానేసి ఏసీ ఆన్‌లోనే ఉంచి, గాలిని ఫ్రెష్‌కి మార్చి, అద్దం మీదకి తిప్పండి. మసక బయటి వైపు ఉంటే కథ వేరు. ఏసీ మరీ చల్లగా ఉండి అద్దం చల్లబడిపోయిందని అర్థం. వైపర్ వేసి, చల్లదనం తగ్గించాలి.

ఇక్కడే ఒక సీరియస్ మాట. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఏ క్యాబిన్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు, కార్బన్ ఫిల్టర్ కూడా. మూసి ఉన్న గ్యారేజీలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేసుకుని పడుకోవడం అంటే ప్రాణాలతో ఆట. రీసర్క్యులేషన్ వేశాం కదా అని ధీమా వద్దు.

ఫిల్టర్ జల్లెడ కాదు

పిండి జల్లించినట్టు రంధ్రం కంటే పెద్దది ఆగిపోతుంది, చిన్నది పోతుంది అనుకుంటాం. ఫిల్టర్ అలా పనిచేయదు. లోపల సన్నటి పోగులు చిక్కుపడి ఉంటాయి. పెద్ద ధూళి కణం గాలితో పాటు వంపు తిరగలేక వెళ్ళి పోగుని గుద్దుకుంటుంది. మరీ చిన్న కణాలు గాలి అణువులు తోస్తుంటే అటూ ఇటూ తూలుతూ వెళ్ళి ఏదో ఒక పోగుకి అంటుకుంటాయి. పట్టుకోవడం కష్టమయ్యేది ఈ రెండింటికీ మధ్యలో, 0.3 మైక్రాన్ దగ్గర ఉండేవాటిని. అందుకే హెపా అంటే 0.3 మైక్రాన్ దగ్గర 99.97 శాతం అని లెక్క పెట్టారు. ఎన్95 మాస్క్‌లో 95 కూడా ఆ సైజు దగ్గర కొలిచిందే.

మంచి క్యాబిన్ ఫిల్టర్లలో పోగులకి స్టాటిక్ ఛార్జ్ కూడా ఉంటుంది. దువ్వెనని జుట్టుకి రుద్దితే కాగితం ముక్కలు అతుక్కుంటాయి చూడండి, అదే సూత్రం. పోగులని దగ్గర దగ్గరగా నేయకుండానే సన్నటి ధూళి ఆగుతుంది, గాలికి అడ్డం పెద్దగా ఉండదు. అందుకే సర్వీస్‌లో కొట్టే కంప్రెసర్ గాలి, ఇంట్లో సబ్బు నీళ్ళతో కడగడం నాకు అస్సలు నచ్చవు. గాలి గట్టిగా కొడితే పోగులు విడిపోతాయి. సబ్బు నీళ్ళకి ఛార్జ్ పోతుంది. పైకి తెల్లగా కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. తడి సరిగ్గా ఆరకపోతే బూజు వాసన బోనస్. "వాషబుల్" అని రాసి ఉంటే తప్ప కడగొద్దు. మెల్లగా తట్టి ఆకులు, పురుగులు దులపండి, అంతవరకే.

తమాషా ఏంటంటే, దుమ్ము పట్టేకొద్దీ చాలా ఫిల్టర్లు ధూళిని ఇంకా బాగా ఆపుతాయి, ఎందుకంటే ఆ పేరుకున్న దుమ్ము కూడా ఒక పొరలా పనిచేస్తుంది. తగ్గేది గాలి. మన సమస్య అక్కడ మొదలవుతుంది.

బూడిద రంగులో ఉండేవి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్నవి. వాసనలు, కొన్ని వాయువులు వాటికి అంటుకుంటాయి. లారీల వెనక ఎక్కువ తిరిగేవాళ్ళకి ఆ తేడా ధరకి తగ్గదే అనిపించింది నాకు. కాకపోతే రంగు ముందే ముదురు కాబట్టి మురికి తెలియదు, కార్బన్ నిండిపోయినా కంటికి కనిపించదు. తేదీ చూసి మార్చాల్సిందే.

మీరే మార్చుకోండి, పది నిమిషాల పని

మన దగ్గర అమ్ముడయ్యే చాలా కార్లలో ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. అందులో ఉన్న పాత బిల్లులు, సన్‌గ్లాసెస్, ఎప్పటివో చాక్లెట్ కవర్లు తీసేయండి. పక్కన సన్నటి తాడులాంటి డ్యాంపర్ ఉంటే విప్పండి. రెండు పక్కలా లోపలికి నొక్కితే గ్లవ్ బాక్స్ పూర్తిగా కిందకి వాలుతుంది. వెనకాల సన్నటి ప్లాస్టిక్ మూత, దానికి క్లిప్పులు. నొక్కి లాగితే ఫిల్టర్ బయటికి వస్తుంది. మెల్లగా లాగండి, లేదంటే దాని మీదున్న చెత్త బ్లోయర్‌లో పడి టక టక మని మోగుతుంది. బ్లోయర్ ముందే ఆఫ్ చేసి ఉంచండి, మాస్క్ పెట్టుకోండి. మొదటిసారి నేను పెట్టుకోలేదు, సాయంత్రం దాకా తుమ్ములు.

కొత్తది పెట్టేటప్పుడు అందరూ తడబడేది బాణం దగ్గర. "ఎయిర్ ఫ్లో" అని బాణం ఉంటే అది గాలి వెళ్ళే దిక్కు. "అప్" అని ఉంటే ఆ అంచు పైకి ఉండాలని. రెండూ ఒకటి కాదు. పాతది తీసే ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, గొడవ ఉండదు.

కొన్ని తక్కువ ధర మోడళ్లలో కంపెనీ ఫిల్టర్ ఇవ్వదు, స్లాట్ మాత్రం ఉంటుంది, లేదా అదీ ఉండదు. సెకండ్ హ్యాండ్ కార్ తీసుకుంటే ముందు ఇదే తెరిచి చూడండి. ఉన్నా లేకపోయినా, పాత ఓనర్ కార్‌ని ఎలా చూసుకున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

ధర మోడల్‌ని బట్టి సుమారు 300 నుంచి 800 రూపాయలు. కంపెనీ పార్ట్ వద్దనుకుంటే బాష్, మాన్ లాంటివి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూడకండి, తయారైన ఏడాది కూడా సరిపోవాలి. ఎన్నాళ్ళకి మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది. మన దుమ్ముకి నా లెక్క ఏడాది, లేదా 10,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. పక్కన కన్‌స్ట్రక్షన్ జరుగుతుంటే ఆరు నెలలకే తీసి చూడండి.

కొత్త ఫిల్టర్ వేసినా తడి సాక్సుల వాసన వస్తోందంటే తప్పు ఫిల్టర్‌ది కాదు, ఎవాపరేటర్ మీద తేమకి పెరిగిన బూజుది. ఇల్లు రెండు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం ఉంచండి. లోపల ఆరుతుంది. పర్ఫ్యూమ్ డబ్బా పెడితే బూజు వాసన, మల్లెపూల వాసన రెండూ కలిసి వస్తాయి.

మరి యూఎస్‌బీ ఎయిర్ ప్యూరిఫయర్?

కామెంట్లలో తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నాను. బాక్స్ మీద సీఏడీఆర్ చూడండి. కప్ హోల్డర్‌లో పెట్టే చిన్నవాటిలో చాలావరకు గంటకి 10, 20 క్యూబిక్ మీటర్ల దగ్గరే ఉంటాయి. కార్ బ్లోయర్ మీడియం స్పీడ్‌లోనే గంటకి 200 దాకా గాలి తిప్పగలదు. అంత పెద్ద ఫ్యాన్ కార్‌లో ఉచితంగా ఉన్నప్పుడు, దాని ముందు మంచి ఫిల్టర్ పెట్టడమే తెలివి. ఫిల్టర్ లేకుండా "అయాన్" అని నీలం లైట్ వెలిగించేవాటి మీద డబ్బు పెట్టకండి. కొన్ని ఓజోన్ కూడా వదులుతాయి, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. పెద్ద ఫిల్టర్ సంగతికొస్తే, టెస్లా 2015లో మోడల్ ఎక్స్‌తో "బయోవెపన్ డిఫెన్స్ మోడ్" అని ప్రచారం చేసింది గుర్తుందా? పేరు సినిమాటిక్‌గా ఉన్నా లోపలున్నది పెద్ద హెపా ఫిల్టర్, దాంతో పాటు పాజిటివ్ ప్రెషరే.

రెండో ముక్కు: ఇంజిన్ ఇన్‌టేక్

దీన్ని క్యాబిన్ ఫిల్టర్‌తో కలిపి మాట్లాడేవాళ్ళు చాలామంది. బానెట్ కింద నల్ల డబ్బాలో ఉండేది వేరే ఫిల్టర్, అది ఇంజిన్ కోసం. ఒక లీటర్ పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి. అంటే దాదాపు 11 కిలోల గాలి, సుమారు 9,000 లీటర్లు! అంత గాలి పీల్చే దానికి దుమ్ము లేకుండా చూడటం చిన్న పనేం కాదు. దాన్ని కూడా సర్వీస్‌లో తీసి చూపించమనండి. ఎలుకలు గూడు పెట్టుకునే చోట్లలో ఈ డబ్బా ఒకటి.

దుమ్ము కంటే భయపడాల్సింది నీళ్ళకి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ, ఎన్ని కార్లు మునిగాయో చూశాం. ఈ గాలి గొట్టం నోటి దాకా నీళ్ళు వస్తే ఇంజిన్ గాలికి బదులు నీళ్ళు పీలుస్తుంది. ఎన్ని నీళ్ళు చాలు? 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 మిల్లీలీటర్లు. కంప్రెషన్ రేషియో 11 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 మిల్లీలీటర్లు. అంటే రెండు పెద్ద చెంచాలు. నీళ్ళు గాలిలాగా నలగవు, కాబట్టి అంతకు మించితే వంగేది కనెక్టింగ్ రాడ్. డీజిల్ ఇంజిన్లలో ఆ చోటు ఇంకా తక్కువ.

కాబట్టి టైరు సగానికి మించి నీళ్ళుంటే వెళ్ళకండి. ఎదురుగా బస్సు వస్తే దాని అల మీ బానెట్ దాకా వస్తుందని గుర్తుంచుకోండి. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే, లేదా సెల్లార్‌లో మునిగిన కార్ అయితే, "ఒక్కసారి ట్రై చేద్దాం" అని స్టార్ట్ బటన్ నొక్కొద్దు. బ్యాటరీ తీయించి, టో చేయించండి. నీళ్ళలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ తరచూ ఆ ఖర్చు ఇవ్వదు. దానికి "ఇంజిన్ ప్రొటెక్ట్" అనే యాడ్-ఆన్ వేరుగా ఉంటుంది, దానికీ సొంత షరతులుంటాయి. మీ పాలసీ పీడీఎఫ్ ఫోన్‌లోనే ఉంటుంది కదా, ఆ పేరు ఉందో లేదో ఇప్పుడే వెతికి చూడండి. మా నాన్న పాలసీలో లేదు, రెన్యువల్ జూన్‌లో ఉంది.